సగంలో ఆగిపోయిన వాక్యం

ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్లో ఉన్నప్పుడు మా హాస్టల్లో ఒక ఇంగ్లీషు హారర్ కథల పుస్తకం గది గదికీ తిరుగుతూ ఉండేది. అట్ట చిరిగిపోయి, పేజీల నిండా టీ మరకలు. అందులో ఎడ్గార్ అలన్ పో కథల మధ్యలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ ఉంది. గోడకి అంటించిన కాగితం వెనక ఒక ఆడమనిషి పాకుతూ ఉంటుందన్న ఊహకే ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్నాను. తర్వాత చాలా ఏళ్ళు ఎవరడిగినా "పిచ్చెక్కిపోయే ఒకావిడ కథ, భలే ఉంటుంది" అని చెబుతూ వచ్చాను.

పోయినేడాది మళ్ళీ చదివాను. అప్పటికి మా పాపకి నాలుగో నెల. రాత్రి రెండింటికి పాలు తాగించాక పాపని భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా నిలబడి ఫోన్లో చదవడం అలవాటైంది. కథలో కొంచెం ముందుకి వెళ్ళానో లేదో ఆగిపోయాను. ఈ కథలో ఒక పసిబిడ్డ ఉన్నాడు! పదేళ్ళ పైనుంచి ఈ కథ గురించి మాట్లాడుతున్నవాణ్ణి, ఆ బిడ్డ సంగతి నాకు గుర్తే లేదు. ఇందులో నా మతిమరుపు పాలెంత, కథ తీరు పాలెంత, ఈ కథని మనం చదువుకుంటూ వచ్చిన పద్ధతి పాలెంత అని తేల్చుకుందామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

చదవని వాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. జాన్ ఒక డాక్టరు. ఈమధ్యే బిడ్డని కన్న భార్యని తీసుకుని, వేసవిలో మూడు నెలలకి అద్దెకి తీసుకున్న ఒక పాత బంగళాకి వస్తాడు. ఆమెకి పెద్ద జబ్బేమీ లేదని, ఏదో కాస్త నరాల బలహీనత అని అతని అభిప్రాయం. ఆమె తోడబుట్టినవాడూ డాక్టరే, అతనిదీ అదే మాట. విశ్రాంతి, టానిక్కులు, మంచి గాలి, బలమైన తిండి. కోలుకునేదాకా రాతపని చెయ్యకూడదు. ఆమెకిచ్చిన గది మేడ మీద ఉంది. ఒకప్పుడు పిల్లల గది అట. కిటికీలకి ఊచలు, గోడలకి ఇనుప రింగులు, నేలకి మేకులతో బిగించిన మంచం, గోడల నిండా వెలిసిపోయిన పసుపు రంగు కాగితం. వేరే పనేమీ లేక ఆ కాగితం మీది డిజైన్ని చూసీ చూసీ, దాని వెనక ఒక స్త్రీ బందీగా ఉందని నమ్మడం మొదలుపెడుతుంది. చివరికి కాగితాన్ని చేతికందినంత మేర పీకేసి, ఆ స్త్రీ తనే అయిపోయి గది చుట్టూ పాకుతూ ఉంటుంది. తలుపు తీసి చూసిన జాన్ స్పృహ తప్పి పడిపోతాడు. అడ్డంగా పడి ఉన్న మొగుడి మీదుగా ఆమె పాకుతూనే ఉంటుంది. కథంతా ఆమె దొంగచాటుగా రాసుకున్న డైరీ.

ఇది 1892 జనవరిలో ‘ది న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో అచ్చయింది. దీని వెనక గిల్మన్ సొంత జీవితం ఉంది. 1884లో చిత్రకారుడు చార్ల్స్ వాల్టర్ స్టెట్సన్‌తో పెళ్ళి, 1885 మార్చిలో కూతురు క్యాథరిన్. ఆ తర్వాత విపరీతమైన కుంగుబాటు. 1887లో ఫిలడెల్ఫియాలో సైలస్ వీర్ మిచెల్ అనే పేరుమోసిన నరాల డాక్టరు దగ్గర చేరింది. ఆయన వైద్యం పేరు ‘రెస్ట్ క్యూర్’. మంచం దిగకూడదు, బాగా తినిపిస్తారు, ఒళ్ళు మర్దన చేస్తారు, మనుషులకి దూరంగా ఉంచుతారు. ఇంటికి పంపేటప్పుడు ఆయన ఏం చెప్పాడో గిల్మన్ 1913లో తన సొంత పత్రిక ‘ది ఫోర్‌రన్నర్’లో రాసుకుంది. వీలైనంతవరకూ ఇల్లే లోకంగా బతకాలి, బుద్ధికి పని రోజుకి రెండు గంటలు మించకూడదు, కలం గానీ కుంచె గానీ జన్మలో ముట్టుకోకూడదు. మూడు నెలలు తు.చ. తప్పకుండా పాటించి, మతి పూర్తిగా పోయే అంచు దాకా వెళ్ళి, అవన్నీ అవతల పడేసి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

ఇదే మిచెల్ నరాల నీరసంతో వచ్చిన మగవాళ్ళకి వేరే మందు ఇచ్చేవాడు. 1885లో ఓవెన్ విస్టర్ అనే యువకుణ్ణి వయోమింగ్ వెళ్ళి, పశువుల మంద మధ్య ఆరుబయట తిరిగి రమ్మన్నాడు. విస్టర్ వెళ్ళాడు, కోలుకున్నాడు, ఆ అనుభవంతోనే 1902లో ‘ది వర్జీనియన్’ అనే ప్రసిద్ధ కౌబాయ్ నవల రాశాడు. మగవాడికి గుర్రం, ఆడమనిషికి మంచం.

ఇంతవరకూ ఈ కథ మీద వచ్చిన ఏ వ్యాసంలోనైనా దొరికే సమాచారమే. రెండోసారి చదివినప్పుడు నాకు తగిలింది వేరే విషయం. వృత్తిరీత్యా నేను బగ్ టికెట్లు చూసి చూసి ఉన్నవాణ్ణి కాబట్టి, ఈ కథలో ఆమె జాన్‌ని ఏమేం అడిగిందో ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను.

మొదట, మేడ మీద గది వద్దు, కింద వరండాలోకి తెరుచుకునే గది కావాలంది. కిటికీ చుట్టూ గులాబీలు ఉన్న గది. ఒకటే కిటికీ, రెండు మంచాలు పట్టవు, తను పడుకోడానికి పక్కన ఇంకో గది లేదు అన్నాడు. తర్వాత, పోనీ ఈ గోడ కాగితం మార్పించమంది. సరేనన్నాడు గానీ, ఇవాళ కాగితం అంటావు, రేపు మంచం, ఎల్లుండి కిటికీ ఊచలు అంటావని మానేశాడు. తన రాతల గురించి మాట్లాడుకోడానికి మనుషులు కావాలనుకుంది. కోలుకున్నాక బంధువులు హెన్రీ, జూలియాలని పిలుద్దాంలే, ఇప్పుడు అలాంటి హుషారు మనుషులు పనికిరారన్నాడు. అయితే నన్నే వాళ్ళ దగ్గరికి పంపమంది. వెళ్ళే ఓపిక లేదు, వెళ్ళినా తట్టుకోలేవన్నాడు. అడగడం పూర్తవకముందే ఆమెకి ఏడుపొచ్చేసింది. చివరికి ఒక వెన్నెల రాత్రి, ఇక్కడినుంచి వెళ్ళిపోదామంది. అద్దె గడువు ఇంకా మూడు వారాలుందన్నాడు.

అయిదు టికెట్లు. అయిదూ క్లోజ్డ్. ఒక్కదానికీ కోపంగా జవాబు రాలేదు. ప్రతిసారీ ముద్దు మాటలే, ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్ళడమే, పడుకోబెట్టి పుస్తకం చదివి వినిపించడమే. జాన్‌ని విలన్ అనుకుని చదివితే ఈ కథ సులువైపోతుంది. అతను చెడ్డవాడు కాదు. భార్యని నిజంగా ప్రేమిస్తున్న, ఆమె విషయంలో తనకే అంతా తెలుసని నమ్ముతున్న మంచి మొగుడు. అందుకే ఆమెకి ఎదురుతిరగడానికి చోటు దొరకదు.

ఆ వెన్నెల రాత్రి సంభాషణ ఈ కథకి గుండెకాయ అని నా అభిప్రాయం. ఒళ్ళు చేస్తున్నావు, ముఖంలో రంగు వస్తోంది, ఆకలి బాగుందని జాన్ లెక్కలు చెప్తాడు. ఒంటికి బాగానే ఉందేమో అని ఆమె మొదలుపెడుతుంది. అంతే, అక్కడ ఆగిపోతుంది. ఎందుకంటే జాన్ లేచి కూర్చుని కఠినంగా, నొచ్చుకున్నట్టు చూశాడు. అలాంటి ఆలోచన ఒక్క క్షణం కూడా రానివ్వద్దని బతిమాలతాడు. ఎవరి కోసమంటే ముందు తన కోసం, తర్వాత బిడ్డ కోసం, ఆఖర్న ఆమె కోసం. ఆ వరస చూడండి. ఒంటికి బాగుంది, మరి మనసుకి? ఆ రెండో సగం బయటికి రానే లేదు. ఆ తర్వాత ఆమె ధ్యాసంతా గోడతోనే. నేను హాస్టల్లో భయపడ్డ పేజీల్లో ఎక్కువ ఈ ఆగిపోయిన వాక్యం తర్వాత వచ్చేవే.

ఇప్పుడు బిడ్డ దగ్గరికి వద్దాం. కథలో బిడ్డ ప్రస్తావన వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మేరీ అనే ఆమె వాణ్ణి బాగా చూసుకుంటోందని, వాడంటే ఎంతో ముద్దని, అయినా దగ్గరుండలేకపోతున్నానని, కంగారుగా ఉంటుందని ఒకచోట రాస్తుంది. ఇంకోచోట, ఈ గదిలో నేను ఉండబట్టి సరిపోయింది, లేకపోతే వాణ్ణి ఇక్కడ పడుకోబెట్టేవాళ్ళు అని ఊరటపడుతుంది. మామూలుగా ఈమెని బిడ్డ అక్కర్లేని తల్లిగా చదువుతారు. కానీ తనని తినేస్తున్న గదికి బిడ్డకి బదులు తను ఉన్నందుకు సంతోషించే మనిషి ఈమె. దగ్గరికి తీసుకోలేకపోవడం, కాపాడాలనుకోవడం ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవని గిల్మన్ ఒక్క వాక్యంలో చెప్పింది.

మరి కాన్పు ఎలా జరిగింది? కథలో ఒక్క ముక్క లేదు. కష్టమైన కాన్పా, సులువైనదా? ఎన్ని గంటలు నొప్పులు పడింది? చచ్చిపోతాననుకుందా? డైరీ తను రాసుకుంటున్నదే అయినా ఆమె కూడా ఆ ఊసు ఎత్తదు. ఆ కాలపు పత్రికల్లో ప్రసవం గురించి రాయడం మర్యాద కాదన్నది ఒక కారణమై ఉండొచ్చు. కానీ కథ లోపల చూస్తే ఆ మౌనం అచ్చంగా అతికింది. ఆ ఇంట్లో ఇద్దరు డాక్టర్ల మాట నడుస్తోంది, ఆడపడుచు జెన్నీ ఇల్లు చక్కబెడుతోంది, మేరీ బిడ్డని చూస్తోంది. ఆ రోజు నీకేం జరిగిందని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. గిల్మన్ తన ఆత్మకథలో రాసుకున్నదాని ప్రకారం మిచెల్ ఆమెతో బిడ్డని ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమన్నాడు. కథలో దానికి పూర్తిగా రివర్స్, బిడ్డని దూరంగా ఉంచారు. మందు మారింది గానీ రెండు చోట్లా తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. తనకి పదహారు గంటలు నొప్పులు వచ్చాయి. చివర్లో పాప గుండె వేగం పడిపోతోందని హడావుడిగా థియేటర్లోకి తీసుకెళ్ళారు. ఆపరేషన్ తర్వాత రక్తస్రావం ఎక్కువై రెండు రోజులు ఐసీయూలో ఉంది. బయట నాకు అందిన మాట "తల్లీబిడ్డా క్షేమం". నేను అదే మాట ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను, నూట పదహారు హార్ట్‌లు వచ్చాయి. ఇంటికొచ్చాక ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. పాలు ఎన్నిసార్లు, డైపర్లు ఎన్ని, పాప బరువు, తన హిమోగ్లోబిన్, కుట్లు ఎలా ఉన్నాయి. అన్ని గడులూ పచ్చగా ఉండేవి.

ఆరో వారంలో ఒక రాత్రి తను "ఆ రోజు థియేటర్లో లైట్లు..." అని మొదలుపెట్టింది. నేను "అయిపోయిందిగా, ఇప్పుడంతా బాగానే ఉందిగా, పాపని చూడు ఎలా నవ్వుతోందో" అన్నాను. ప్రేమగానే అన్నాను. తను పాపని చూసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగో నెలలో భుజం మీద పాపతో ఆ వెన్నెల రాత్రి సంభాషణ చదివినప్పుడు నాకెందుకు కాళ్ళు వణికాయో వేరే చెప్పక్కర్లేదు.

మేమేదో అరుదైన కేసు కాదని తర్వాత తెలిసింది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలని కలిపి చూసి, ప్రసవం తర్వాత కుంగుబాటుకి లోనయ్యే తల్లులు సుమారు 22 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో ఒక పరిశోధనాపత్రం వచ్చింది. అయిదుగురిలో ఒకరి కంటే ఎక్కువ. కాన్పు ఘోరంగా జరిగిన వాళ్ళలో కొందరికి యుద్ధాల నుంచీ ప్రమాదాల నుంచీ బయటపడ్డ వాళ్ళలాగే ఆ ఘట్టం కళ్ళముందు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. దానికి కుంగుబాటుతో సంబంధం ఉన్నా రెండూ ఒకటి కావు. ఇక గిల్మన్ కథ చివర్లో మనం చూసేది వీటికంటే చాలా అరుదైన, చాలా ప్రమాదకరమైన స్థితి. దాన్ని ఈరోజు సైకోసిస్ అంటారు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెయ్యి కాన్పుల్లో ఒకటీ రెండూ. ఈ తేడా ముఖ్యం. కథ చదివి భయపడి ప్రతి కుంగుబాటూ అక్కడికే చేరుతుందనుకుంటే తప్పు. ఎక్కువమందికి నయమవుతుంది, మా ఇంట్లో అయినట్టే. కాకపోతే అడగాలి. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పత్రం ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. గడిచిన వారంలో ఎలా ఉన్నావన్నదే అందులో సంగతి. అది జబ్బుని తేల్చదు, ఇంకా లోతుగా ఎవరిని అడగాలో చూపిస్తుంది అంతే.

ఇదంతా చదువుతూ మన భాష వైపు చూశాను. ఆడదానికి ప్రసవం పునర్జన్మ అంటాం. అంటే చావు దాకా వెళ్ళి వచ్చిందని ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక, అక్కడ ఏం చూశావని మాత్రం అడగం. మన సినిమాల్లో తలుపు బయట మొగుడు అటూ ఇటూ తిరుగుతాడు, లోపల కేక, తర్వాత పసిబిడ్డ ఏడుపు, కట్. ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిన కవి కొండేపూడి నిర్మల. ఆమె ‘లేబర్ రూమ్’ కవిత, 1993లో వచ్చిన ‘నీలి మేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం చదివిన వాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అమ్మతనానికి పూసిన పూతలన్నీ గీకేసి, ఆ బల్ల మీద పడుకున్న ఒంటి నుంచి మాట్లాడిన కవిత అది. నేను చదివినంతలో, బల్ల మీద నుంచి దిగాక వచ్చే ఆరు వారాలూ ఆరు నెలల గురించి మన కథల్లో అంత తెగువ తక్కువ కనిపించింది.

మన బాలింత పద్ధతులని ‘రెస్ట్ క్యూర్’ పక్కన పెట్టి చూడాలనీ అనిపించింది. పుట్టింట్లో ఒక గది, పథ్యం, చెవుల్లో దూది, నడుముకి కట్టు. చదివితే కళ్ళు పోతాయని మా అత్తయ్య పుస్తకం లాగేసుకుంటే నాకు మిచెలే గుర్తొచ్చాడు. కానీ పోలిక పూర్తిగా కుదరదు. మిచెల్ మనుషుల్ని దూరం చేశాడు, మన పద్ధతి మనుషుల్ని చుట్టూ చేరుస్తుంది. రాత్రుళ్ళు పాపని ఎత్తుకుని తిరిగింది ఆ అత్తయ్యే. ఆవిడ లేకపోతే మేం మునిగిపోయేవాళ్ళం. అయితే పది మంది చుట్టూ ఉండటం, ఒక్కరు కూర్చుని వినడం వేరు వేరు సంగతులు. ఇల్లు నిండా జనం ఉన్నప్పుడు "నాకు బాలేదు" అనడం ఇంకా కష్టం కావచ్చు. ఇంతమంది చేస్తుంటే ఇంకేం లోటు అంటారని భయం.

విమర్శకులు ఈ కథకి చాలా చేశారు. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ ఎలేన్ హెడ్జెస్ వెనుకమాటతో పుస్తకంగా వేయకపోతే ఇది మనదాకా వచ్చేదో లేదో. 1979లో గిల్బర్ట్, గూబర్ ‘ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది ఆటిక్’లో దీన్ని రాసే స్త్రీ కథగా, పురుషుల భాష అనే గోడని చింపుకుని బయటపడే కథగా చదివారు. 1989లో సూసన్ లాన్సర్ ఆ పసుపు రంగులో ఆనాటి అమెరికా జాతి భయాలు కూడా ఉన్నాయని గుర్తుచేసింది. గిల్మన్ జాతి విషయంలో వెలిబుచ్చిన అభిప్రాయాలు తెలిసినవాళ్ళు ఆ మాటని కొట్టిపారేయలేరు. రోజంతా బిడ్డని మోసే మేరీకి కథలో ఒక్క డైలాగ్ కూడా లేదని నేనూ ఒక మాట కలుపుతాను. ఇవన్నీ విలువైన చదువులే. కానీ ముగింపుని విజయంగా చదివే పద్ధతి నాకు ఇప్పుడు మింగుడుపడటం లేదు. ఆమె పాకుతుంటే కింది అంతస్తులో ఎక్కడో ఒక బిడ్డ ఉన్నాడు. ఆమె స్వేచ్ఛకి ప్రతీక అవ్వడానికి ముందు, సాయం అందని ఒక బాలింత. రచయిత్రిని చూస్తూ తల్లిని దాటేశాం, దెయ్యాన్ని చూస్తూ నేను దాటేసినట్టే.

నేను ఈ కథ గురించి చెప్పీ చెప్పీ విసిగిస్తే మా ఆవిడ ఒక మధ్యాహ్నం చదివింది. అప్పటికి తను డాక్టర్ దగ్గరికి వెళ్తోంది, నిద్ర కాస్త కుదుటపడింది. చదివి ఫోన్ పక్కన పెట్టి, "అందరూ ఆ పాకడం గురించి మాట్లాడతారేంటి? మొదట్లోనే కింద గది అడిగింది కదా, గులాబీలున్నది. అది ఇచ్చుంటే ఏమయ్యేది?" అంది. అయిదు టికెట్లు రాసుకున్న నాకు తట్టని విమర్శ అది. నేను అయిదు తిరస్కారాలు లెక్కపెట్టాను. తను మొదటి కోరిక ఎంత చిన్నదో చూసింది.

అప్పుడు అడిగాను, "ఆ రోజు థియేటర్లో లైట్లు అన్నావు కదా, తర్వాతేంటి?" అని. చాలాసేపు చెప్పింది. నేను మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. తను ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది తన కథ, రాయాలనుకుంటే తనే రాస్తుంది. నా షీట్‌లో దానికి గడి లేదని మాత్రం చెప్పగలను.

‘ది యెల్లో వాల్‌పేపర్’ కాపీరైట్ తీరిపోయిన కథ, ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంది, చదవడానికి అరగంట పడుతుంది. ఇంతకుముందు చదివినవాళ్ళు కూడా ఈసారి పెన్సిల్ పట్టుకుని, ఆమె ఏమేం అడిగిందో, ఎక్కడ అడగడం మానేసిందో గీతలు పెట్టుకుంటూ చదవండి. ఇంట్లో బాలింత ఉంటే ముందు తన దగ్గర కూర్చుని, తర్వాత చదవండి.